ఎనిమిది క్రెడిట్లు

అక్టోబర్ 9

ఈసారి డైరీ నల్ల మార్కరుతో రాస్తున్నాను. ఈమధ్య పెన్నుల్లో సిరా పలచబడిపోయింది, కంపెనీలకి పిసినారితనం ఎక్కువైంది. మార్కరైతే పేజీకి పట్టుమని పది వాక్యాలు కూడా పట్టవు. పట్టకపోతే పోనీ, ఇదేమన్నా ఎవరికైనా చూపించడానికా.

రాష్ట్ర వ్యవసాయ శాఖ నుంచి కార్డు వచ్చింది. మా ఆవిడ నెల్వా చదివి వినిపించింది, నా చేతులకి గ్రీజు ఉండటం వల్ల. నా పురుగుమందుల లైసెన్సు డిసెంబర్ ఆఖరుకి అయిపోతుందట. నిలబెట్టుకోవడానికి దారులు రెండు. ఒకటి, గ్రాండ్ రాపిడ్స్ పట్నం వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని పరీక్ష రాయడం. రెండోది, రైతులకి పెట్టే క్లాసులకి వెళ్ళి ఎనిమిది క్రెడిట్లు కూడబెట్టడం. దీనికి మూడేళ్ళు గడువిస్తారు. మూడేళ్ళలో నేను కూడబెట్టింది సున్నా. ప్రతిసారీ ఇంతే, ఆఖరి శీతాకాలంలో గాని నాకు కాళ్ళు కదలవు.

పరీక్ష నాకొద్దు. ఆ కంప్యూటరు అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి. కూర్చోవడమంటారా, ఆ విద్యలో ఈ జిల్లాలో నాకు పోటీ లేదు.

లైసెన్సు లేనివాడికి గట్టి మందులు అమ్మరు. గట్టి మందు పడకపోతే ఆపిల్‌కి పురుగు, పురుగు పట్టిన కాయ జ్యూసు ఫ్యాక్టరీకి తప్ప దేనికీ పనికిరాదు. లేదంటే డ్వేన్ చేత కొట్టించుకోవాలి. డ్వేన్ పక్క తోటవాడు, బడి రోజుల నుంచి స్నేహితుడు, మంచివాడే. కానీ మందు కొట్టడమంటే చెట్లకి తలంటు పోయడం అనుకునే రకం. నా ఒంట్లో ఊపిరుండగా నా చెట్ల మీద వాడి చెయ్యి పడనివ్వను.

అక్టోబర్ 11

మార్కరు వాసనకి తల నొప్పి పుడుతోందని నెల్వా అంది. కిటికీ తీసుకోమన్నాను.

అక్టోబర్ 23

మొదటి క్లాసు అయింది. రెండు క్రెడిట్లు జేబులో పడ్డాయి.

ట్రక్కు నెల్వా నడిపింది. పొద్దునపూట తూర్పుకి పోయేటప్పుడు ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంది. (ఇవాళ మబ్బేసింది. అయినా సరే.)

క్లాసు పాత పద్ధతిలోనే జరిగింది. పొద్దున సంతకం పెట్టాలి, చివర్లో తలుపు దగ్గర బ్రెండా నిలబడి పేరుపేరునా చీటీ ఇస్తుంది. మధ్యలో గుర్రుపెట్టి నిద్రపోయినా ఎవరూ ఏమీ అనరు, ఆఖరి నిమిషం దాకా కుర్చీలో మాత్రం ఉండాలి. ముందే లేచిపోయినవాడికి చీటీ లేదు, గవర్నరైనా సరే. బ్రెండా విశ్వవిద్యాలయం తరఫున రైతులకి పాఠాలు చెప్పే అమ్మాయి. ముప్పై దాటి ఉండదు గానీ మమ్మల్నందర్నీ బడిపిల్లల్లా అదుపులో పెడుతుంది.

ఇవాళ పాఠం చెట్ల మొదళ్ళు కొరికే ఎలుకల గురించి. అది మొదలవగానే డ్వేన్ చర్చిలో ప్రసంగం అప్పుడు చేసినట్టే పిప్పరమెంట్ల పొట్లం వరసంతా తిప్పాడు.

"ఒరేయ్ లామర్, చప్పరించరా, పాపాలు పోతాయి," అన్నాడు.

"నీకైతే పొట్లం మొత్తం చాలదురా," అన్నాను.

బ్రెండా అటునుంచి, "డ్వేన్ గారూ, ఎలుకలకి కూడా పిప్పరమెంటు పెట్టమని పాఠంలో లేదండీ," అంది. హాలంతా నవ్వింది.

నవంబర్ 5

ఇవాళ జరిగింది రాయడం నాకిష్టం లేదు. కాబట్టి త్వరగా రాసేస్తాను.

రెండో క్లాసుకని వెళ్ళి ఎలుకల పాఠం మళ్ళీ విన్నాను. మొదటి నుంచీ చివరిదాకా. ఒక క్లాసుకి రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు. తలుపు దగ్గర బ్రెండా, "లామర్ గారూ, ఈ పాఠం మీరు విన్నారు కదండీ. బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాసే ఉంది," అని నొచ్చుకుంది.

బోర్డు ఎక్కడో చీకట్లో పెట్టారు. ఎవడికి కనబడుతుంది?

డ్వేన్ ఊరంతా టముకు వేశాడు. సాయంత్రానికల్లా దాణా కొట్టు వాడు కూడా, "ఎలుకల మీద అంత ప్రేమేంటండీ లామర్ గారూ?" అంటున్నాడు.

"పాఠం మొదలవగానే నీకు తెలీలేదా?" అంది నెల్వా ఇంటికొచ్చాక.

"అన్ని పాఠాలూ ఒకేలా మొదలవుతాయి," అన్నాను. నిజానికి ఐదో నిమిషంలోనే తెలిసింది. కానీ అప్పుడు లేచి బయటికి పోతే ఎందుకని అడుగుతారు.

నవంబర్ 9

కళ్ళ డాక్టరు. చూపు మధ్యలో ఒక మచ్చ పెరుగుతోందట. చుట్టుపక్కల కనబడుతుంది, సూటిగా చూసినచోట కనబడదు. మనిషి భుజాలు కనబడి మొహం కనబడదు. ఉన్నది పోకుండా సూదులు వేస్తారట, పోయింది మాత్రం రాదట. దానికో పొడుగాటి పేరు చెప్పాడు, వయసుకి వస్తుందన్నాడు.

నెల్వాకి వయసు అన్న ముక్క ఒక్కటే చెప్పాను. నిజమే కదా.

సూదులు వేయించుకుంటాను. లైసెన్సు కూడా నిలబెట్టుకుంటాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

నవంబర్ 15

జింకల వేట మొదలైన రోజు. వెళ్ళలేదు. మోకాలు బాగాలేదు.

నవంబర్ 16

డ్వేన్ జింక తొడ తెచ్చిచ్చాడు. "పన్నెండేళ్ళప్పటి నుంచి ఒక్క ఏడూ మానలేదు కదరా, ఏమైంది?" అన్నాడు.

మోకాలు అన్నాను. ఏ మోకాలన్నాడు. నెల్వా కుడిదంది, నేను ఎడమదన్నాను.

నవంబర్ 19

కొత్త పాఠం, రెండు క్రెడిట్లు. మందు గాలికి పక్క పొలాల మీదకి కొట్టుకుపోవడం గురించి. ఈసారి హాలు గుమ్మంలోనే నిలబడి, "ఇవాళ ఎలుకలు కాదు కదా?" అని గట్టిగా అడిగాను. అందరూ నవ్వారు. ఇలా అడిగితే చదవక్కర్లేదు. ఇది కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇంకా నాలుగు కావాలి. డిసెంబర్ పదకొండున రోజంతా జరిగే క్లాసు ఉంది, అది కానిస్తే నాలుగూ వస్తాయి. ఈ ఏటికి అదే ఆఖరుది.

డ్వేన్ ట్రక్కులో వెళ్ళొచ్చేసరికి ఇంట్లో నెల్వా లేదు. వాళ్ళక్కని చూడటానికి గ్రాండ్ రాపిడ్స్ వెళ్ళింది. ఈ నెలలో ఇది రెండోసారి. అక్కచెల్లెళ్ళ మధ్య హఠాత్తుగా ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో.

నవంబర్ 30

పండక్కి వండిన టర్కీ కోడి ఇంకా అవలేదు. సాండ్‌విచ్, సూపు, మళ్ళీ సాండ్‌విచ్. చూడకుండానే తినగలను, అదొక సుఖం.

డిసెంబర్ 11

ఆరోగ్యంగానే ఉన్నాను. మధ్యాహ్నం బఠాణీ సూపు పెట్టారు, బాగుంది. మంచు పడుతోంది.

రాయాలి. సరే.

మధ్యాహ్నం దాకా ఇబ్బంది లేదు. భోజనాలయ్యాక బ్రెండా బల్లల మీద ఖాళీ మందు డబ్బాలు పెట్టించింది. "ఇద్దరిద్దరు కూర్చోండి. డబ్బా మీద లేబుల్ చదివి నేనడిగిన వాటికి జవాబు చెప్పండి," అంది. నాకు డ్వేన్ జత పడ్డాడు. పడ్డాడంటే వాడే కుర్చీ ఈడ్చుకొచ్చాడు.

"నా కళ్ళజోడు ట్రక్కులో ఉందిరా. చదువు నీదే," అన్నాడు.

"తెచ్చుకో పోరా."

"మంచు పడుతోందిరా బాబూ. నాలుగు ముక్కలు చదవడానికి ఏడుస్తావేం?"

డబ్బా చేతిలోకి తీసుకున్నాను. పిడి పట్టుకోగానే తెలిసిపోయింది, జూన్‌లో ఆపిల్ పురుగుకి మేమందరం కొట్టేదే అది. ఆ లేబుల్ నాకు కంఠతా వచ్చు. ఇరవై ఏళ్ళుగా వాడుతున్న మందు. దేవుడు మేలు చేశాడనుకున్నాను.

మా వంతు వచ్చింది. లేచి నిలబడి, డబ్బా మొహం ముందు పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఎకరానికి ఎంత, ఏ చేతి తొడుగులు, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి. మధ్యమధ్యలో చదువుతున్నట్టు ఆగాను కూడా. నాటకాల్లో చేరి ఉంటే పేరు తెచ్చుకునేవాణ్ణి.

"కొట్టాక మనుషులు తోటలోకి ఎప్పుడు వెళ్ళొచ్చండీ?" అంది బ్రెండా.

"నాలుగు రోజులాగి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. బ్రెండా నవ్వలేదు. "లామర్ గారూ, అది పాత లేబుల్. మీ చేతిలో ఉన్నది కొత్తది, ఈ సెప్టెంబర్‌లో వచ్చింది. పైన ఎర్ర గీత గీసి మరీ వేశారు. ఇంకోసారి చూసి చెప్పండి."

చూశాను. సూటిగా చూస్తే మచ్చ తప్ప ఏమీ లేదు. తల పక్కకి వాల్చి కంటి కొసతో పట్టుకోవాలని చూశాను, కోడి గింజని చూసినట్టు. ఎర్రగా ఏదో ఉంది. అక్షరాలు మాత్రం చిక్కలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు.

"పధ్నాలుగు రోజులండీ," అంది బ్రెండా తనే, నెమ్మదిగా. "తర్వాతి జంట చెప్పండి."

డ్వేన్ నా డొక్కలో పొడిచాడు. "పాత పాటే పాడావేంట్రా! చదవడానికి కూడా బద్ధకమేనా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరికీ తెలియలేదు. బ్రెండాకి తప్ప.

నవ్వుతూనే ఉన్నాను గానీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. జూన్‌లో నేను మందు కొట్టాక పిందెలు పలచన చెయ్యడానికి తోటలోకి వెళ్ళేది నెల్వా. ఒట్టి చేతులతో వెళ్తుంది, తొడుగులుంటే పిందె తెలియదంటుంది. వచ్చే జూన్‌లో నేను కొడతాను, నాలుగు రోజులాగి వెళ్ళమంటాను, వెళ్తుంది. నా మాట మీద నమ్మకంతో వెళ్తుంది.

క్లాసు అయింది. తలుపు దగ్గర వరస కట్టారు. నా ముందు డ్వేన్, వాడి ముందు ఇంకో నలుగురు. బ్రెండా చేతిలో నా పేరున్న చీటీ ఉంది. ఇక్కడ ఎవరూ తప్పరు, కూర్చున్నవాడల్లా పాసే. చెయ్యి చాస్తే ఇంకో మూడేళ్ళు నా లైసెన్సు నాదే. పదడుగులు కూడా లేవు.

వరసలోంచి పక్కకి తప్పుకున్నాను. వంటగది తలుపు గుండా బయటికొచ్చేశాను.

నెల్వా ట్రక్కులో హీటరు వేసుకుని కూర్చుంది.

"అయిందా? చీటీ ఏది, ఇలా ఇయ్యి, తడుస్తుంది."

"తీసుకోలేదు."

"పారేసుకున్నావా, తీసుకోలేదా?"

"తీసుకోలేదు నెల్వా. నేను లేబుల్ చదవలేను. చదవలేనివాడు కొట్టకూడదు."

నెల్వా హీటరు తగ్గించింది. అద్దం మీద మంచు పడి కరిగిపోతోంది. తర్వాత, "పోయిన వారం రోడ్డు పక్క స్తంభం మీది మన ఉత్తరాల డబ్బాకి చెయ్యి ఊపి గుడ్ మార్నింగ్ చెప్పావు," అంది.

"చూశావా?"

"నేనే కాదు, పోస్టుమాన్ కూడా చూశాడు. అక్టోబర్ నుంచి చూస్తున్నా. నువ్వే చెబుతావులే అని ఊరుకున్నా. మొండి మనిషివి, గుచ్చి అడిగితే ఇంకా బిగుసుకుపోతావు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడకుండా తుడుచుకుందామంటే ఆవిడెటు చూస్తోందో నాకెలా తెలుస్తుంది.

"నేనూ ఒకటి దాచాను," అంది. "నవంబర్‌లో అక్కింటికి కాదు వెళ్ళింది. ఆ పరీక్ష రాయడానికి వెళ్ళా."

"లైసెన్సు పరీక్షా? నువ్వా?"

"రెండుసార్లు."

"పాసయ్యావా?"

"రెండుసార్లూ తన్నేసింది. చట్టం వచ్చింది, తెగుళ్ళు వచ్చాయి. లెక్కలే చంపాయి. ట్రాక్టరు ఇంత వేగంతో పోతే, నాజిల్లోంచి ఇంత పడితే, ఎకరానికి ఎన్ని గ్యాలన్లు... ఎవడికి కావాలి ఆ గోల?"

"అది నాకొచ్చు," అన్నాను.

"వచ్చని తెలుసు. అడగాలంటే ముందు నువ్వు ఒప్పుకోవాలి కదా. ఎలా అడిగేది?"

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. డ్వేన్ తన ట్రక్కు దగ్గర నిలబడి మా వైపు చూస్తున్నాడని నెల్వా చెప్పింది. చూసుకోనీ.

డిసెంబర్ 31

లైసెన్సు అయిపోయింది. టపాకాయలు కాలుస్తున్నారు ఊళ్ళో. నా కోసం కాదులే.

జనవరి 14

పాఠాలు మొదలుపెట్టాం. నేను నోటితో లెక్క చెబుతాను, ఆవిడ వేస్తుంది.

జనవరి 15

ఆవిడతో మాటల్లేవు.

జనవరి 17

మాటలొచ్చాయి. అరుపులు కూడా. గొడవేంటంటే, ట్యాంకు కలిపేటప్పుడు ఆఖర్లో ఇంకో గుప్పెడు వేస్తాను నేను, మనసుకి ధైర్యం కోసం. మా నాన్న వేసేవాడు. "లేబుల్‌లో ఎక్కడుంది గుప్పెడు?" అంటుంది. "లేబుల్ రాసినవాడు మా నాన్న తోట చూశాడా?" అంటాను. "మీ నాన్నకి లైసెన్సు ఉందా?" అంటుంది. ఇలాంటి విద్యార్థి బ్రెండాకి దొరికుంటే ఉద్యోగం మానేసి ఉండేది.

రాత్రి భోజనం దగ్గర గుప్పెడు వదులుకున్నాను. ఇష్టం లేకుండానే.

ఫిబ్రవరి 20

ఎకరాలు, గ్యాలన్లు వచ్చేశాయి. వేగం దగ్గర ఇంకా తడబడుతోంది. కాళ్ళతో నేర్చుకోవాల్సింది కాగితం మీద రాదు. నేల కాస్త గట్టిపడాలి.

మార్చి 18

మంచు పోయింది. స్ప్రేయర్ బయటికి తీశాం. ట్యాంకులో ఒట్టి నీళ్ళు పోశాం. చెట్ల వరస పక్కన రెండు కర్రలు పాతి, ఈ కర్ర నుంచి ఆ కర్రకి ట్రాక్టరు ఎంతసేపట్లో పోతుందో చూడమన్నాను. మూడుసార్లు నడిపింది. తర్వాత వంటింటి కొలత గిన్నెలు తెచ్చి ఒక్కో నాజిల్ కింద పట్టింది. నేను పక్కన నిలబడి విన్నాను. కింది నుంచి మూడోది అరిగిపోయిందన్నాను. కొలిస్తే మిగతా వాటికంటే ఎక్కువే కారుతోంది.

"ఎలా తెలిసింది?"

"మిగతావి ఈల వేస్తున్నాయి, అదొక్కటే ఉమ్ముతోంది."

ఆ గిన్నెలతో ఇంక కేకులు చెయ్యనంది. కడిగితే చాలన్నాను, ఒట్టి నీళ్ళే కదా. నేర్చుకున్నదంతా నా మీదే ప్రయోగించింది: మందు పనికి వాడిన గిన్నె వంటకి వాడకూడదట, నీళ్ళైనా సరే. కొత్తవి కొంటున్నాం.

మార్చి 29

నెల్వా పాసైంది. నేను బయట ట్రక్కులో కూర్చుని పిప్పరమెంట్లన్నీ తినేశాను. కడుపులో వికారంగా ఉంది. ఇంత సంతోషం నాకు ఈమధ్య లేదు.

ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నాను, డ్వేన్‌కి అసలే వద్దన్నాను. ఎందుకంది. మోకాలు అన్నాను. ఆవిడ నవ్వలేదు.

మే 6

పూత ఇంకా విచ్చలేదు, మొగ్గలు గులాబి రంగుకి తిరిగాయి. నెల్వా చెప్పింది. నాకు గులాబి పొగలా కనబడుతోంది, అదీ బాగానే ఉంది.

ఇవాళ మొదటి మందు. పొద్దున్నే ముసుగు, తొడుగులు, బూట్లు అన్నీ వేసుకుని నెల్వా ట్రాక్టరెక్కింది. నన్ను వరండా దాటి రావద్దంది. లైసెన్సు లేనివాడు తోటలో ఉండకూడదట. విన్నాను.

వరండాలో కూర్చుని చెవులతో తోటంతా తిరిగాను. మొదటి వరస, మలుపు, రెండో వరస. మలుపు దగ్గర మందు ఆపుతోంది, మళ్ళీ వదులుతోంది, చక్కగా. నేను నలభై ఏళ్ళు చేసిన పనిని ఇంకొకళ్ళు చేస్తుంటే వినడం ఇదే మొదలు. నాకు కూర్చోవడం వచ్చనుకున్నాను గానీ రాదు. లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం.

ఐదో వరసలో ఉండగా పడమర నుంచి గాలి లేచింది. మెడ మీద తగిలింది. తోటకి తూర్పు పక్కనే డ్వేన్ ఇల్లు, వాడి బట్టల తీగ. ఆ గాలికి మందు నేరుగా వాడి దుప్పట్ల మీదకి పోతుంది. లేచి నిలబడి, ఆపమని అరవడానికి నోరు తెరిచాను.

స్ప్రేయర్ ఆగిపోయింది.

నోరు తెరిచినవాణ్ణి అలాగే ఉండిపోయాను. తోటలో గాలి లేచిందని ముందుగా చెప్పేది ఎప్పుడూ నేనే. ఇవాళ చెప్పే అవసరం రాలేదు. బాధగా ఉంది, ఉన్నది రాయాలి కదా. గర్వంగానూ ఉంది. రెండూ ఒకేసారి వచ్చి పడితే ఏది ముందు రాయాలో తెలియడం లేదు.

కాసేపటికి డ్వేన్ ట్రక్కు వచ్చి మెట్ల ముందు ఆగింది.

"ఒరేయ్ లామర్! సగంలో ఆపేశావేంట్రా? మెషీను పాడైందా? మా షెడ్డులో పంపు ఉంది, తేనా?"

"మెషీను బాగానే ఉంది."

"మరి నువ్వు ఇక్కడ ఉంటే ట్రాక్టరు మీద ఎవరు?"

మోకాలు అనబోయాను. నోటిదాకా వచ్చింది.

"నెల్వా," అన్నాను. "నాకు కళ్ళు కనబడ్డం లేదురా డ్వేన్. పక్కలు కనబడతాయి, మధ్యలో ఏమీ లేదు. లైసెన్సు ఇప్పుడు ఆవిడది. నీ దుప్పట్ల మీదకి గాలి తిరిగిందని ఆపింది."

డ్వేన్ మొహం ఎలా ఉందో నాకు తెలియదు, భుజాలు కదలకుండా ఉన్నాయి. వాడు అంతసేపు నోరు మూసుకోవడం యాభై ఏళ్ళలో వినలేదు. నాకే భయమేసి, "కాఫీ తాగుతావా?" అన్నాను.

"పొయ్యరా."

వాడికి పోశాను. కప్పు నిండి వాడి చేతి మీదకి పొర్లింది.

"అబ్బా! చంపావు కదరా!" అని గంతేశాడు. "దీనికి కూడా నెల్వాకి లైసెన్సు ఇప్పించండ్రా బాబూ!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. చెయ్యి తుడుచుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఎదురుగా మొగ్గలు ఎలా ఉన్నాయో అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు, వరస వరసా, వాడి పద్ధతిలో, సగం తప్పులతో.

మధ్యలో స్ప్రేయర్ మళ్ళీ మొదలైంది. గాలి ఎప్పుడు తగ్గిందో మా ఇద్దరికీ తెలియలేదు.